పొదల అడవిలో ఆటస్థలం కడితే వీల్‌చైర్ దారి కోసం చెట్లు కొట్టాల్సిందేనా?

అక్కర్లేదు, ఆస్ట్రేలియా యూకలిప్టస్ అడవుల్లో చాలాచోట్ల నేలకు కాస్త ఎత్తులో చెక్క నడవ వేస్తే సరిపోతుంది. చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైపైనే, అడుగు రెండడుగుల లోతులోనే ఉంటుంది. కాంక్రీటు దారికి తవ్వితే తెగేవి అవే. పాపం, చెట్టు వెంటనే పడిపోదు, కొన్నేళ్లకు పైకొమ్మల నుంచి ఎండుకొస్తుంది. నడవకైతే అక్కడక్కడా స్తంభాల గుంతలు చాలు, వాననీరు కిందనుంచి పారుతుంది.

అక్కడి ప్రమాణం ప్రకారం మాను వ్యాసానికి 12 రెట్ల దూరం దాకా వేళ్లను కాపాడే రక్షణ వలయం. అంటే 50 సెం.మీ. మాను చుట్టూ 6 మీటర్లు.

చెక్కపొట్టు పరిచిన దారి సహజంగా ఉంటుంది కాబట్టి అందరికీ పనికొస్తుందనుకుంటారు. నిజానికి దానిలో వీల్‌చైర్ ముందు చక్రాలు కూరుకుపోతాయి. ర్యాంపు వాలు కూడా 1:14 మించకూడదు, మీటరు ఎత్తుకు 14 మీటర్ల పొడవన్నమాట.