ప్రోగ్రెసివ్ రాక్‌లా వినిపించే జాతీయ గీతాలు: కీబోర్డు మీద వాయించి తెలుసుకున్న సంగతులు

"ప్రోగ్రెసివ్ రాక్ పాటల్లా వినిపించే జాతీయ గీతాలు ఏవైనా ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయండి. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణాఫ్రికా. ఈ మూడింటినీ నేను ముందు వరసలో పెడతాను. కొన్నేళ్ల కిందట ఒంగోలులో ఒక స్కూలు వార్షికోత్సవానికి పన్నెండు దేశాల గీతాలు సిద్ధం చేసే పని నాకు అప్పజెప్పారు. నెల రోజులు వాటితోనే నిద్ర, వాటితోనే మెలకువ. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో కొన్ని రాక్ బృందాలు మూడు నిమిషాల పాట అనే లెక్కను వదిలేశాయి. ఒకే పాటను నాలుగైదు భాగాలుగా కట్టి, భాగం మారినప్పుడల్లా నడక మార్చి, స్కేలు (పాటకు ఆధారమైన స్వరాల వరస) మార్చి, చాలాసేపు నడిపించేవాళ్లు. యెస్ అనే బృందం 1972లో తెచ్చిన ఒక రికార్డులో ఒక పక్కంతా ఒకటే పాట, పద్దెనిమిది నిమిషాలకు పైనే. చెన్నైలో చదువుకునే రోజుల్లో మా రూమ్మేట్ దగ్గర ఈ క్యాసెట్లు ఉండేవి. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'మనీ' పాట చాలావరకు ఏడు లెక్క మీద నడుస్తుంది. వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆశ్చర్యపోయేవాడు. నాకు మాత్రం అది ఏడు లెక్కల మీదే నడిచే మన మిశ్రచాపు తాళానికి దగ్గరగా వినిపించి, ఆ సంగీతం వెంటనే మనసుకు పట్టేసింది.

ఇక స్కూలు విషయం. ఒక్కో పిల్లవాడు ఒక్కో దేశం జెండాతో స్టేజీ ఎక్కాలి. నిమిషం సేపు ఆ దేశం గీతం వినిపించాలి. గీతంలో మాటలు మొదలవగానే పిల్లవాడు రెండడుగులు ముందుకు వచ్చి జెండా ఎత్తాలి. నేను ప్రతి గీతంలోనూ మొదటి నిమిషం కత్తిరించి పెన్ డ్రైవ్‌లో వేసుకుని రిహార్సల్‌కి వెళ్లాను. జపాన్‌ది ఏ ఇబ్బందీ లేదు, ఆ గీతమే చిన్నది. అర్జెంటీనా జెండా ఐదో తరగతి పాప చేతిలో ఉంది. పాట మొదలైంది. బూరలు మోగాయి, నడక ఒకసారి మారింది, మళ్లీ మారింది. పాప కాలు ముందుకు వేయడానికి సిద్ధంగా మడమ ఎత్తి నిలబడే ఉంది. నిమిషం అయిపోయింది, పాట ఆగింది. పాప నా వైపు తిరిగి, "సార్, మాటలు రాలేదు" అంది. కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. తప్పు తనదేమో అనుకుంది పాపం. నిజానికి తప్పు నాది. ఆ గీతానికి ముందు వాయించే సంగీతమే దాదాపు నిమిషం ఉంటుందని నేను చూసుకోలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి గీతం మొత్తం విన్నాను. 1813లో బ్లాస్ పరేరా స్వరపరిచాడు. మొదట ఊరేగింపులాంటి వాద్యభాగం. తర్వాత నెమ్మదిగా నడిచే చరణం. ఆఖర్న ఒక్కసారిగా వేగం అందుకుని, "కీర్తితో బతుకుదాం, లేదా కీర్తితో చనిపోతామని ప్రమాణం చేద్దాం" అన్న మాటను తిప్పి తిప్పి పాడతారు. మూడు నిమిషాలు దాటినా ఇది కుదించిన రూపమే. అసలు కవితలో చరణాలు చాలా ఉన్నాయి, పాడే భాగాన్ని 1900లో తగ్గించారు. ఫుట్‌బాల్ పోటీల్లో టైము చాలక ఎన్నోసార్లు ముందు సంగీతం వరకే వాయించి ఆపేశారు. అందుకని ఆ దేశపు అభిమానులు మాటల్లేని ఆ సంగీతాన్నే "ఓ... ఓ..." అంటూ గొంతెత్తి పాడతారు. స్టేడియం అంతా కలిసి వాద్యభాగాన్ని పాడటం! రాక్ కచేరీల్లో గిటార్ ముక్కను జనం నోటితో పాడతారు చూడండి, అచ్చం అలాగే ఉంటుంది.

ఉరుగ్వేది ఇంకా పెద్దది. సంగీతం లెక్కన ప్రపంచంలోని జాతీయ గీతాల్లో అతి పొడవైనదిగా దీన్నే చెబుతారు. 105 బార్లు (బార్ అంటే మన తాళంలో ఒక ఆవృతం లాంటిది), పూర్తిగా వాయిస్తే ఐదు నిమిషాల దాకా పడుతుంది. స్వరపరిచిన దెబాలి హంగరీలో పుట్టి ఉరుగ్వే రాజధాని మోంటెవిడియో చేరినవాడు. ఆ రోజుల్లో అక్కడి నాటకశాలల్లో ఇటలీ ఒపెరాలంటే, అంటే పాటలతోనే నడిచే నాటకాలంటే, జనం పడి చచ్చేవాళ్లు. గీతంలో ఆ రుచి స్పష్టంగా తెలుస్తుంది: గొంతు తగ్గించి గుసగుసలా పాడిన మాటనే మళ్లీ అందుకుని పైపైకి తీసుకెళ్లడం, ఇక అయిపోయిందనుకునే చోట ఇంకో మలుపు తిప్పడం. బ్రెజిల్ గీతమూ ఈ కోవదే. 1831 నాటి బాణీ. ఇప్పుడు పాడే మాటలు 1909లో రాసినవి, 1922లో అధికారికం అయ్యాయి. మాటలు అంత వేగంగా దొర్లుతుంటే పాడేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటారా అనిపిస్తుంది.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడే ఉంది. ఈ పోలిక కాకతాళీయం అనుకోను. దక్షిణ అమెరికా గీతాలు ఒపెరా చెట్టు నీడలో పెరిగాయి. నూరేళ్లకు పైగా గడిచాక ప్రోగ్రెసివ్ రాక్ కుర్రాళ్లు కూడా పాత యూరప్ సంగీతం దగ్గరకే వెళ్లారు. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం రష్యా స్వరకర్త ముసోర్గ్‌స్కీ రచనను తీసుకుని 1971లో ఏకంగా ఒక ఆల్బమ్ చేసింది. అదే బృందం 1973లో, ఇంగ్లండ్‌లో జాతీయ గీతంతో సమానంగా ప్రేమించే 'జెరూసలెం' పాటను తమ పద్ధతిలో వాయించింది. ఇద్దరికీ తాతగారు ఒక్కరే అయినప్పుడు ముక్కూ మొహం కలవడంలో వింతేముంది?

అయితే పొడవును బట్టి పాటను ప్రోగ్రెసివ్ అనడం నాకు ఇష్టం ఉండదు. భాగం మారిందంటే దానికి ఒక కారణం ఉండాలి. ఆ లెక్కన దక్షిణాఫ్రికా గీతం ముందు మిగతావన్నీ దిగదుడుపే. పాడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, అయినా దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

నేను కీబోర్డు నేర్చుకున్నది చర్చిలో. ఒంగోలు అంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దంలోనే వచ్చి పనిచేసిన ఊరు. సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అని నాలుగు గొంతులుగా విడిపోయి పాడటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దక్షిణాఫ్రికా గీతం మొదటి భాగం వాయించగానే నా చేతులు వాటంతట అవే చర్చి పాటలోకి వెళ్లిపోయాయి. అది నిజంగానే ప్రార్థన గీతం. ఎనోక్ సొంటొంగా అనే బడిపంతులు 1897లో కట్టాడు. "దేవా, ఆఫ్రికాను దీవించు" అని మొదలవుతుంది. మా క్వయర్‌లో ఆల్టో పాడే పెద్దావిడ ఆ మొదటి రెండు లైన్లు విని, "ఇది మన ఆదివారం పాటలా ఉందయ్యా, ఏ ఊరిది?" అని అడిగారు.

ఆ భాగం షోసా, జులు, సెసోతో భాషల్లో సాగుతుంది. జి మేజర్‌లో నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. అక్కడ ఉన్నట్టుండి స్కేలు డి మేజర్‌కు మారుతుంది. మన భాషలో చెప్పాలంటే అప్పటిదాకా పంచమంగా ఉన్న స్వరం కొత్త షడ్జమం అయి కూర్చుంటుంది. నడక కూడా కవాతు అవుతుంది. ఇప్పుడు పాడేది ఆఫ్రికాన్స్ భాషలో, తెల్లవాళ్ల పాలనలో జాతీయ గీతంగా ఉన్న పాట. ఆ తర్వాత ఇంగ్లీషు. పాట మొదలైన స్కేలుకు మళ్లీ తిరిగి రాదు, కొత్త స్కేలులోనే ముగుస్తుంది.

మొదటి పాటను వర్ణవివక్ష మీద పోరాడినవాళ్లు ఊరేగింపుల్లో పాడారు. రెండోది వాళ్లను జైల్లో పెట్టిన ప్రభుత్వం గీతం. 1994లో మండేలా అధ్యక్షుడయ్యాక రెండూ జాతీయ గీతాలుగా ఉండి, 1997లో ఒకటిగా కలిశాయి. ఐదు భాషలు, రెండు స్కేళ్లు, ఒకరినొకరు కొట్టుకున్న రెండు పాటలు. కీబోర్డు మీద జి నుంచి డి కి చెయ్యి జరపడం నాకు కష్టమేమీ కాదు. కానీ సంగతి తెలిశాక ఆ మలుపు దగ్గరకొచ్చిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. స్కేలు మార్పుకు ఇంత బరువున్న పాట నేను ఏ రాక్ బృందం దగ్గరా వినలేదు.

చివరగా ఇంకొకటి: పశ్చిమ ఆఫ్రికా దేశం మౌరిటానియా పాత గీతం తాళం పట్టుకోవడం కూడా కష్టమే, పాడటం కుదరదని పేరుపడింది. 2017లో దాన్ని మార్చేశారు. విచిత్రమైన లయలంటే మీకు ఇష్టమైతే వెతికి వినండి.

హెడ్మాస్టరు గారికి ఈ కథంతా చెబితే, "దక్షిణాఫ్రికాది కత్తిరించొద్దు, పూర్తిగా వేయండి" అన్నారు. అర్జెంటీనాకు ముందు సంగీతం తీసేసి ఆఖరి భాగం పెట్టాను. పాప ఈసారి టక్కున ముందుకొచ్చింది. వార్షికోత్సవం రోజు మొదటి వరసలో కూర్చున్న ఒక తాతగారు, ఎవరి తాలూకో తెలియదు, కర్ర పట్టుకుని పన్నెండు గీతాలకూ పన్నెండుసార్లు లేచి నిలబడ్డారు.

చివర్న మన జనగణమన. 52 సెకన్లు, ముందు సంగీతం లేదు, నడక మార్పు లేదు. ఐదు చరణాల కవితలో మొదటిది మాత్రమే పాడతాం. 1911 డిసెంబరులో కలకత్తాలో మొదటిసారి పాడారు. 1919లో టాగోర్ మన మదనపల్లెకు వచ్చినప్పుడు అక్కడి కాలేజీలో ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ దీనికి స్వరలిపి రాశారు. ఇందులో ప్రోగ్రెసివ్ గుణం ఏముందని మా డ్రమ్మర్ కుర్రాడు అడిగితే చివరి లైను వాయించి చూపించాను. మూడు 'జయహే'లు పై నుంచి మెట్లు దిగినట్టు దిగుతాయి. ఆఖరి 'జయ జయ జయ జయహే' కింది స నుంచి ఎక్కుతూ పోయి మ దగ్గర ఆగిపోతుంది. స కు తిరిగి రాదు. "అన్నా, ఇన్నేళ్లూ పాడాను, ఇది గమనించనే లేదు" అన్నాడు.

ఆ రోజు స్టేజీ మీద చివరి మ దగ్గర వేలు తీయకుండా అలాగే ఉంచాను. వాడు సైడ్ డ్రమ్ ఆపేశాడు. ఆ స్వరం పూర్తిగా సన్నగిల్లే దాకా గ్రౌండులో ఎవరూ కదల్లేదు.