తూము తలుపు మీద నీటి బలం సరిగ్గా ఎక్కడ పనిచేస్తుంది?

నీరు పై అంచు దాకా నిలిచిన నిలువు దీర్ఘచతురస్రపు తలుపు మీద మొత్తం బలం నడిమధ్యన కాదు, అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. పీడనం పైన సున్నా, లోతుతో పాటే పెరుగుతూ అడుగున గరిష్ఠం. అందుకే పీడన కేంద్రం, అంటే మొత్తం బలం పనిచేసే చోటు, నడిమధ్య నుంచి కిందికి జరుగుతుంది.

2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న తలుపు తీసుకోండి. సగటు పీడనం 1.5 మీటర్ల లోతుది, అంటే చదరపు మీటరుకు సుమారు 1.5 టన్నులు. వైశాల్యం 6 చదరపు మీటర్లు కాబట్టి బలం 9 టన్నులు, అడుగు నుంచి 1 మీటరు ఎత్తున.

తికమక ఇక్కడే: బలం ఎంతో చెప్పడానికి మధ్యబిందువు దగ్గరి పీడనం చాలు, కానీ బలం పనిచేసే చోటు అది కాదు. ఇక వెనకున్న చెరువు ఎంత పెద్దదన్నది లెక్కలోకే రాదు. లోతు ఒకటే అయితే పిల్లకాలువైనా అంతే తోస్తుంది.