ఇంజిన్ పని చేయించినా ట్రాక్టర్ వేడెక్కుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. తొమ్మిదేళ్ల నాటి మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఉంది. పొగ ఎక్కువై, ఆయిల్ తాగుతోందని పోయిన నెల ఇంజిన్ మొత్తం విప్పించాను. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశారు. సిలిండర్ల పైన ఉండే హెడ్డు లేతుకు పంపి, అడుగు చదునుగా ఉండేలా ఫేసింగ్ కొట్టించారు. హెడ్డు కింద వేసే గాస్కెట్, వాటర్ పంపు కూడా మార్చారు. రేడియేటర్ పాతదే. మొత్తం 78 వేలు అయింది. ఖాళీ ట్రక్కుతో ఊళ్లోకి పోయొస్తే బాగానే ఉంటోంది. రోటవేటర్ పెట్టి, నీళ్లు నిలిపిన మడిలో దమ్ములోకి దించితే మాత్రం 20 నిమిషాల్లో ముల్లు ఎర్ర గీతకు పోతోంది, రేడియేటర్ పక్క పైపులోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. మెకానిక్‌ని అడిగితే కొత్త ఇంజిన్ టైట్‌గా ఉంటుంది, నడిపితే సెట్ అవుతుంది అన్నాడు. తర్వాత, నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వు తీసేశాడు, అయినా అంతే. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు పగిలిందని అది కూడా మళ్లీ బిగించలేదు. ఇంకో మెకానిక్ హెడ్డు మళ్లీ విప్పాల్సిందే అంటున్నాడు. అవతల నారు ముదురుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, హెడ్డు ఇప్పుడే విప్పించకండి. ముందు ఆ బండిని దమ్ములోంచి బయటికి తీయండి. నాట్లు ఆగకూడదు కాబట్టి ఈ నాలుగు రోజులకు కిరాయి ట్రాక్టర్ పెట్టుకోండి. కిరాయి డబ్బు బాధ నాకు తెలుసు, కానీ మళ్లీ పిస్టన్లు పట్టేస్తే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోది కాదు.

‘నడిపితే సెట్ అవుతుంది’ అన్న మాటలో కొంత నిజం ఉంది. కొత్త రింగులు లైనర్‌కు రాసుకుంటూ ఒరుసుకునే మొదటి గంటల్లో ముల్లు మామూలు కంటే కాస్త పైన నిలబడొచ్చు. నీళ్లు మరిగి బయటికి చిమ్మడం మాత్రం సెట్ అవడం కాదు. పిస్టన్ అల్యూమినియం, లైనర్ పోత ఇనుము. అంతే వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యలో ఉన్న వెంట్రుకవాసి సందు మూసుకుపోయిందంటే పిస్టన్ గీరుకుంటుంది, మీరు పెట్టిన 78 వేలూ ఆ గీతల్లోనే పోతాయి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. ఖాళీ ట్రక్కుతో బాగుంటోంది, లోడు పడ్డాక 20 నిమిషాలకు వేడెక్కుతోంది అని రాశారు. ఎంత వేడెక్కింది అనేదాని కంటే ఎప్పుడు వేడెక్కింది అనేదాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. గాస్కెట్ బాగా కొట్టేసినా, హెడ్డు పగిలినా చాలాసార్లు స్టార్ట్ చేసిన కాసేపటికే గోల మొదలవుతుంది. లోడు మీదే కాగుతోందంటే ఇంజిన్‌లో పుట్టే వేడిని బయటికి పంపే దారి చాలడం లేదని ముందు అనుకోవాలి.

గాస్కెట్ అనుమానం తీరడానికి తెల్లవారుజామున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఒక పని చెయ్యండి. రేడియేటర్ మూత తీసి అంచు దాకా నీళ్లు పోసి స్టార్ట్ చేసి, నీటిని చూస్తూ నిలబడండి. మొదట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే అది లోపల చిక్కుకున్న గాలి, నీళ్లు తగ్గినంత మళ్లీ పోయండి. బుడగలు ఆగకుండా వస్తూ, రేజ్ చేసినప్పుడల్లా సోడా పొంగినట్టు పొంగి, పొగ వాసన కొడితే మాత్రం సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోందని అర్థం. అప్పుడు హెడ్డు విప్పమన్న మెకానిక్ చెప్పిందే నిజం. నీళ్లు ప్రశాంతంగా తిరుగుతుంటే హెడ్డు జోలికి పోకండి.

ఇక ఆ రేకు సంగతి. అది అందం కోసం పెట్టింది కాదు తమ్ముడూ. ఫ్యాన్‌కు ఎక్కడి నుంచి సులువుగా గాలి దొరికితే అక్కడి నుంచే లాక్కుంటుంది. చుట్టూ రేకు ఉంటే రేడియేటర్‌లోంచి లాగక తప్పదు. రేకు లేకపోతే ఇంజిన్ దగ్గరి వేడి గాలినే రెక్కల అంచుల పక్క నుంచి తిప్పి తిప్పి కొడుతుంది. రోడ్డు మీద ఖాళీ ట్రక్కుతో పోతున్నప్పుడు ఇంజిన్ మీద భారం తక్కువ, ఎదురుగాలి కూడా సాయం చేస్తుంది, అందుకే ఆ లోపం కనబడలేదు. దమ్ములో మనిషి నడిచే వేగం కూడా ఉండదు, రోటవేటర్ ఇంజిన్‌ను పూర్తిగా పిండుతుంటుంది. అక్కడ ఫ్యాన్ లాగిన గాలే దిక్కు. ముందు ఆ రేకు తెప్పించి బిగించండి. అది బిగించేటప్పుడే ఫ్యాన్ తిరగేసి పెట్టారేమో చూడండి. తిరగేసినా గాలి అటువైపే వస్తుంది కానీ సగం బలం పోతుంది, చూసేవాళ్లకు తేడా తెలియదు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే దాదాపు సెంటీమీటరు దిగాలి, అంతకంటే వదులుగా ఉండకూడదు.

రెండోది, తీసేసిన థర్మోస్టాట్ వాల్వు. దాన్ని తీసేస్తే నీళ్లు ధారాళంగా తిరిగి ఇంజిన్ చల్లబడుతుందని చాలా షెడ్లలో నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. మీ వాల్వు అడుగున చిన్న రెండో రేకు ఉందేమో చూడండి. వాల్వు తెరుచుకున్నప్పుడు ఆ రేకు వెళ్లి బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి ఇంజిన్‌లో వాల్వు తీసేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే దగ్గరి దారిన పంపులోకి తిరిగొస్తుంది. చల్లబరచడానికని తీసిందే ఇంజిన్‌ను కాస్తుంది.

పాత వాల్వు పారేయకపోతే దాన్ని పరీక్షించుకోవచ్చు. నా షెడ్డులో ఇందుకోసమే ఒక సత్తు గిన్నె పెట్టుకున్నాను. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. పక్కనే ల్యాబుల్లో వాడే 110 డిగ్రీల గాజు థర్మామీటర్ ఉంచండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. వాల్వు అంచు మీద 82 అని అంకె ఉందనుకోండి, నీళ్లు ఆ వేడికి వచ్చేసరికి నల్లటి దారపు పోగులాంటి సందు కనబడుతుంది. 95 దాటేసరికి నోరు పూర్తిగా తెరవాలి. పొయ్యి ఆర్పితే మెల్లగా మూసుకోవాలి. తెరవకపోతే, లేదా సగంలో ఆగిపోతే అదే అంకె ఉన్న కొత్తది వేయించండి. బిగించేటప్పుడు వాల్వు అంచున చిన్న పిన్ను ఆడుతూ ఉంటే అది పైకి ఉండాలి, చిక్కుకున్న గాలి దాని పక్క నుంచే పోతుంది.

మూడోది రేడియేటర్. నా గట్టి అనుమానం దీని మీదే. నేను తెనాలిలో షెడ్డు పెట్టిన కొత్తలో దుగ్గిరాల వైపు నుంచి ఒక రైతు అచ్చం మీలాంటి బండే తెచ్చాడు. దాని ఇంజిన్ విప్పి లైనర్లు, పిస్టన్లు మార్చే బోరు పని చేసింది నేనే. లోడు మీద కాగుతోందంటే నా పని మీదే అనుమానం వచ్చి రెండుసార్లు హెడ్డు విప్పాను, రెండు గాస్కెట్లు మార్చాను. ఐదు రోజులు పోయాయి. ఆ రైతు రోజూ పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుని, ఏమీ అడగకుండా నా చేతుల వంక చూసేవాడు. చివరికి రేడియేటర్ పై ట్యాంకు టాకాలు విప్పిస్తే సగానికి సగం గొట్టాలు తెల్లటి పక్కు కట్టి మూసుకుపోయి ఉన్నాయి. పక్కు మధ్యలో కాస్త సిలికాన్ పేస్టు ముక్కలు, నేను గాస్కెట్‌కు ఎక్కువ పూసినవే. ఆ రెండు గాస్కెట్ల డబ్బు నేనే పెట్టుకున్నాను. ఆ ఐదు రోజుల అదను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి బోరు పనికి వచ్చిన ఏ బండి రేడియేటర్‌నైనా లోపల చూడకుండా బిగించను.

విప్పకముందే మీరు చూసుకునే దారి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, తాళం చెవి జేబులో వేసుకుని, ముందు వైపు నుంచి రేడియేటర్ రేకుల మీద అరచేయి ఆనీ ఆనకుండా జరుపుతూ రండి. వేడి పై నుంచి కిందికి సమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చలా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకున్నట్టే. మీ వైపు బోరుబావి నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అన్నం వండే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ, లైనర్ల చుట్టూ కూడా పేరుకుంటుంది. గొట్టాల్లో సన్నటి కడ్డీలు దూర్చి శుభ్రం చేసే రాడ్డింగ్ చేయించండి, గొట్టాలు సగం పైగా పోయి ఉంటే ఆ గొట్టాల అర, అంటే కోర్ మార్పించండి. ఇక మీదట బోరు నీళ్లు పోయకుండా డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. బయట రేకుల్లో ఇరుక్కున్న పొట్టు, బురద కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. అప్పుడే కింది హోస్ పైపు కూడా చూడండి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు అది నొక్కుకుపోతుంటే మార్చండి.

ఇవన్నీ సరిచేసినా వేడి తగ్గకపోతే డీజిల్ పంపు టైమింగ్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే సమయం సరిగ్గా ఉందో లేదో చూపించండి. ఇంజిన్ విప్పినప్పుడు గేర్లు తీసి మళ్లీ కలుపుతారు, ఒక్క పన్ను తేడా వచ్చినా చాలు. టైమింగ్ లేటైతే లాగుడు తగ్గి, నల్ల పొగ వస్తుంది, మసక చీకట్లో హెడ్డు నుంచి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కనబడొచ్చు. అదీ సరిగ్గా ఉండి ఇంకా కాగితేనే హెడ్డు.

వేడెక్కినప్పుడు గోనెపట్టా వేసి మూత తిప్పే అలవాటు ఉంటే దయచేసి మానేయండి. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీళ్లు ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత కదిలిందో ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. లోడు తీసేసి, నీళ్లు ఇంకా ఉంటే ఇంజిన్‌ను నాలుగైదు నిమిషాలు స్లోలో తిరగనిచ్చి ఆపండి. నీళ్లు పోయి ఉంటే వెంటనే ఆపేయండి. అరగంట ఆగి మూత తీయండి. బాగా కాగి ఉన్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

బండి బాగయ్యాక కూడా మొదటి 50 గంటలు దమ్ము వద్దు. ట్రక్కు, తేలిక దుక్కి చెయ్యండి, ఊరికే గంటల తరబడి స్లోలో కూడా ఉంచకండి. 50 గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. మీ చుట్టుపక్కల రైతులకు కూడా చెప్పండి, బోరు పని ఏప్రిల్‌లో చేయించుకోవాలి, నారు పోసిన తర్వాత కాదు.

ప్రశ్న: సార్, నేను రాజమహేంద్రవరంలో టీచర్‌ని. మా పాత పెట్రోల్ కారుకు హెడ్ గాస్కెట్ మార్పించాం. హైవే మీద బాగానే ఉంటుంది, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు పైకి పోతుంది. గాస్కెట్ సరిగ్గా వేయలేదా?

జవాబు: గాస్కెట్ అయి ఉండకపోవచ్చమ్మా. మీ కారు గొడవ పైన రాసిన ట్రాక్టర్‌కు తలకిందులుగా ఉంది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ పని కరెంటు ఫ్యాన్‌ది. పని చేసేటప్పుడు దాని ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టడం మర్చిపోవడం తరచూ జరిగేదే. కారు ఆపి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ముల్లు సగం దాటాక ఫ్యాన్ తిరుగుతోందో లేదో వినండి. ముల్లు ఇంకా పైకి పోతుంటే వెంటనే ఆపేయండి. ఫ్యాన్ తిరగకపోతే ప్లగ్గు, ఫ్యూజు, రిలే, రేడియేటర్ కింది భాగంలోని స్విచ్ వరుసగా చూడమనండి. బాగా పాత మోడళ్లలో ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపితే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే పోయింది స్విచ్చే, చిన్న ఖర్చుతో అయిపోతుంది.

ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే లోపల గాలి చిక్కి ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు కారు ముందు భాగం కాస్త ఎత్తులో నిలబెట్టి, మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, స్లోలో నడుపుతూ కూలెంట్ కొద్దికొద్దిగా పోయించండి. పై హోస్ పైపును నడుమనడుమ వేళ్లతో నొక్కి వదులుతుంటే బుడగలు వచ్చి మట్టం దిగుతుంది. దిగడం ఆగేదాకా పోస్తూ ఉండాలి. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా మట్టం ఇంకోసారి చూసుకుని స్కూలుకు బయలుదేరండి.