గుమ్మం దాకా రప్పించాలంటే

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. అమ్మకానికి ఉన్న ఇంటి గురించి పెట్టిన పోస్టుకి లైకులు బాగానే వచ్చాయనీ, షేర్లు కూడా అయ్యాయనీ, తీరా ఓపెన్ హౌస్ రోజున, అంటే కొనేవాళ్లు వచ్చి చూసుకునేలా ఇల్లు తెరిచి ఉంచిన రోజున, ఇంటికొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందేననీ రాశావు. ఫోన్‌లో హడావిడిగా చెప్పేకంటే కూర్చుని రాస్తే, నీకు కావలసినప్పుడు మళ్లీ చూసుకుంటావని ఈ ఉత్తరం.

నువ్వు పెట్టిన పోస్టు చూశాను. డిజైన్ బాగుంది. "మీ కలల ఇల్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది మాత్రం అడుగున ఎక్కడో చిన్నగా పడింది. ఎలా రావాలో అసలు లేనేలేదు. ఇల్లు కొందామని తిరిగేవాళ్లు సెలవురోజున వరసపెట్టి మూడు నాలుగు ఇళ్లు చూస్తారు. ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్నది అక్కడికక్కడే తేలకపోతే ఇంకో ఇంటి పోస్టుకి వెళ్లిపోతారు. నువ్వు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిదీ ఆ మనిషిని బయల్దేరదీసి గుమ్మం దాకా తీసుకురావాలి. ఆ పని చేయని పోస్టు ఎంత అందంగా ఉన్నా మనకు దండగే.

అన్నిటికంటే ముందు లొకేషన్ సంగతి చూసుకో. అడ్రస్ టైప్ చేస్తే గూగుల్ మ్యాప్స్ ఒక్కోసారి ఇంటి వెనక సందులోకి తీసుకెళ్లి గోడ దగ్గర ఆపేస్తుంది. రెండు గేట్లున్న అపార్ట్‌మెంట్ అయితే తాళం వేసి ఉండే గేటు దగ్గర నిలబెడుతుంది. వాళ్లు అక్కడ్నుంచి నీకు ఫోన్ చేస్తారు. నువ్వేమో లోపల ఇంకెవరికో వంటగది చూపిస్తూ ఎత్తవు. విసుగొచ్చి బండి తిప్పుకుని వెళ్లిపోతారు. వాళ్లు వచ్చారన్న సంగతి కూడా నీకు తెలీదు. కాబట్టి నువ్వే వెళ్లి గేటు ముందు నిలబడు. మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి, సరిగ్గా గేటు ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది. ఆ లింకునే అందరికీ పంపు. అంతకుముందు, ఆ ఇల్లు ఎప్పుడూ చూడని మనిషి ఒకరికి పంపి మెయిన్ రోడ్డు మీదనుంచి రమ్మను. ఎక్కడ తడబడ్డారో కనుక్కుని, అక్కడ్నుంచి గేటు దాకా అరనిమిషం వీడియో తియ్యి. ఏ మలుపు తిరగాలి, గేటు ఎలా ఉంటుంది, బండి ఎక్కడ పెట్టుకోవాలి, అంతే. ఆ వీడియోకి లైకులు రావు. కానీ వస్తామని పేరిచ్చినవాళ్లకి ముందురోజు సాయంత్రం అది అందితే, మర్నాడు దారి కోసం నీకు ఫోన్లు రావు.

ఫొటోల విషయంలో నీతో కాస్త గట్టిగానే చెప్పాలి. హాలుని ఫోన్‌లోని 0.5 వైడ్ లెన్స్‌తో తీశావు. గది మైదానంలా కనిపిస్తోంది. దాన్ని నమ్మి వచ్చిన మనిషికి గుమ్మంలోనే మనసు చివుక్కుమంటుంది, ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా నమ్మడు. మామూలు 1ఎక్స్ లెన్స్‌తో, గది మూలలో నిలబడి, ఫోన్‌ని ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని తియ్యి. గోడలు వంగినట్టు రావు, గది ఉన్నంతే కనిపిస్తుంది. ఖాళీ గదిలో సాఫ్ట్‌వేర్‌తో సోఫాలు, మంచాలు పెట్టిస్తే ఆ సంగతి ఫొటో మీదే రాసి, పక్కన అసలు ఖాళీ గది ఫొటో కూడా పెట్టు. ఇక కొలతలతో ఉన్న ఫ్లోర్ ప్లాన్ తప్పకుండా ఉండాలి. చాలామంది ఏజెంట్లు దీన్ని పట్టించుకోరు కానీ, నిజంగా కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది అదే. తమ మంచం ఆ గదిలో పడుతుందో లేదో వాళ్లు ఇంట్లోనే లెక్క వేసుకుంటారు. వాట్సాప్ ఫొటోల సైజు తగ్గించేస్తుంది కాబట్టి ఫొటోలకు హెచ్‌డీ ఎంచుకో. ప్లాన్‌ని మాత్రం పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపు. అంకెలు మసకబారితే దాన్ని పంపీ ఉపయోగం లేదు.

కెమెరా తీసేముందు ఇంటి ఓనర్‌ని అడుగు, ఏవి పెట్టొచ్చో మెసేజ్ రూపంలో ఒప్పుకోలు తీసుకో. పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు, మందులు, గోడకి వేలాడే తాళంచెవులు, బీరువా, సీసీ కెమెరాలు ఉన్న చోట్లు, ఇవేవీ ఫ్రేములో పడకూడదు. ఇల్లు ఖాళీగా ఉందని పోస్టులో ఎప్పుడూ రాయొద్దు. మనల్ని నమ్మి ఇల్లు అప్పగించారు, వాళ్ల భద్రత మన బాధ్యత.

ఇక మెసేజ్. గ్రూపుల్లో పొడవాటి మెసేజ్‌ని ఎవరూ విప్పి చదవరు, కాబట్టి అసలు విషయం మొదటి రెండు లైన్లలోనే అయిపోవాలి. ఇలా రాస్తే చాలు: "ఆదివారం ఉదయం 10 నుంచి 1 దాకా ఓపెన్ హౌస్. రెండు బెడ్‌రూములు, మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది, పార్కింగ్ లోపలే." ధర కూడా దాచకు. ధర చెప్పకుండా రప్పిస్తే బడ్జెట్ కుదరనివాళ్లతోనే నీ మూడు గంటలూ గడిచిపోతాయి. ఆ కింద లొకేషన్ లింకు, వచ్చేవాళ్లు పేరు నమోదు చేసుకునే ఫారం లింకు, అంతే. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడుతున్నానన్నావు. అందులో నీ మెసేజ్ చేరేది తమ ఫోన్‌లో నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే. లిస్టులో ఎంతమంది ఉన్నా నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి అది అందదు. కొత్తగా పరిచయమైన ప్రతివాళ్లనీ ముందు నంబరు సేవ్ చేసుకోమను. స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటలే ఉంటాయి కాబట్టి వాటిని వారం ముందు పెట్టి లాభం లేదు. ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ పొద్దున ఒకసారి పెట్టు. వారం ముందే పెట్టాల్సింది ఇళ్ల పోర్టళ్లలో, అంటే ఇళ్ల అమ్మకాల వెబ్‌సైట్లలో. అక్కడ ఓపెన్ హౌస్ తేదీకి విడిగా గడి ఉంటే అది నింపకుండా వదలొద్దు, ఆ తేదీతో వెతికేవాళ్లుంటారు. ఫేస్‌బుక్ ఈవెంట్‌లో "ఇంట్రెస్టెడ్" నొక్కినవాళ్లని వస్తారని లెక్కేసుకోకు.

డబ్బు పెట్టి ప్రకటన ఇస్తే ఇంటి చుట్టుపక్కల వరకే ఇవ్వు. అమెరికా, కెనడా లాంటి చోట్ల ఇళ్ల ప్రకటనని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటాలో ప్రత్యేక కేటగిరీ కింద పెట్టాలి, వయసునీ ఆడా మగా తేడానీ బట్టి ఎంచుకోనివ్వరు. రూలు ఉన్నా లేకపోయినా, ఫలానావాళ్లకే చూపిస్తాం అన్న మాట మన నోటినుంచి గానీ పోస్టులోనుంచి గానీ రాకూడదు.

రిజిస్ట్రేషన్‌కి గూగుల్ ఫారం చాలు. పేరు, ఫోన్ నంబరు, ఏ గంటకి వస్తారు, ఎక్కడ చూశారు. ఐదో ప్రశ్న వెయ్యకు. గంటలవారీగా పేర్లు ఉంటే జనం ఒకేసారి మీద పడరు, ఒక్కొక్కరితో తీరిగ్గా మాట్లాడగలుగుతావు. ఇక్కడ నాకు బాగా నచ్చిన సదుపాయం ఒకటుంది. ఫారం మెనూలో ప్రీ-ఫిల్డ్ లింక్ అని ఉంటుంది. "ఎక్కడ చూశారు" అన్నదానికి "వాట్సాప్" అని ముందే నింపి ఒక లింకు, "ఫేస్‌బుక్" అని నింపి ఇంకోటి, పోర్టల్‌కి మరొకటి తయారుచేసుకో. ఏ లింకు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టు. వచ్చినవాళ్లని అడగక్కర్లేదు, ఫారం జవాబులు చేరే షీట్‌లో అదే పడుతుంది. రెండు మూడు ఓపెన్ హౌస్‌లు అయ్యాక ఆ షీట్ తెరిచి, ఇంటికి నిజంగా వచ్చినవాళ్ల పేర్ల పక్కన ఏముందో చూడు. ప్రకటన డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో అప్పుడు నిర్ణయించుకో.

గేటు దగ్గర పెట్టే బోర్డు మీద క్యూఆర్ కోడ్ వేయిస్తానన్నావు, మంచిదే. ఉచితమని చెప్పే కొన్ని సైట్లలో చేసిన కోడ్ ట్రయల్ గడువు అయ్యాక పనిచేయడం మానేస్తుంది. క్రోమ్ బ్రౌజర్‌లోనే పేజీకి క్యూఆర్ కోడ్ తయారవుతుంది, అది వాడుకో. ప్రింటుకి ఇచ్చేముందు రెండు మూడు వేరువేరు ఫోన్లతో స్కాన్ చేసి చూడు.

దూరాన ఉండి వీడియోలో చూస్తామనేవాళ్లకి వేరే రోజు టైమివ్వు. ఇల్లు చూడ్డానికి మనుషులు వచ్చి నిలబడి ఉండగా ఫోన్ పట్టుకుని గదులన్నీ తిరిగితే అటు వాళ్లకీ ఇటు వీళ్లకీ న్యాయం జరగదు.

ఆ రోజు సాయంత్రమే వచ్చినవాళ్లకి మెసేజ్ పెట్టు, మర్నాటికి వాయిదా వేయకు. అందరికీ ఒకటే కాపీ కొట్టొద్దు. ఎవరేం అడిగారో అప్పటికప్పుడు షీట్‌లో వాళ్ల పేరు పక్కన రాసి పెట్టుకో. నీళ్ల గురించి అడిగినాయనకి నీళ్ల సంగతి, లోన్ గురించి అడిగినావిడకి కావలసిన కాగితాల వివరం పంపు. పేరిచ్చి రానివాళ్లని నిలదీయకుండా వీడియో, ప్లాన్ పంపి, మళ్లీ ఎప్పుడు వీలవుతుందో కనుక్కో. ఆ నంబర్లని మాత్రం ఇంకెవరికీ ఇవ్వొద్దు, వాళ్లని అడక్కుండా ఏ గ్రూపులోనూ చేర్చొద్దు.

ఇల్లు అమ్ముడుపోయిన రోజునే పోర్టల్‌లో అమ్ముడైందని మార్చి, ఫారం మూసేసి, లోపలి వీడియోలు తీసేయి. అక్కడ కొత్తవాళ్లు కాపురం పెట్టబోతున్నారు.

తర్వాతి ఓపెన్ హౌస్ పోస్టు పెట్టేముందు నాకొకసారి పంపు, చూస్తాను.

ఇట్లు,
నీ బాబాయి