చార్టు ప్రకారం ఆడాలా, ఎదుటివాణ్ణి చూసి ఆడాలా?

ప్రశ్న: మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంటు మేడ మీద ఆదివారాలు నలుగురం డబ్బుల్లేకుండా, ఉత్త చిప్స్‌తో టెక్సస్ హోల్డెమ్ పోకర్ (పేకాట) ఆడతాం. ఒకాయన ఎప్పుడూ చార్టులో ఉన్న ఒకే లెక్క మీద ఆడాలంటారు. నేను ఎదుటివాళ్లను బట్టి ఆట మారుస్తాను. ఎవరిది సరైన పద్ధతి?

జవాబు: ఆయన పద్ధతితో మొదలుపెట్టండి, రుజువు దొరికాక మీ పద్ధతికి మళ్లండి. ఆ రుజువు దగ్గరే చాలామంది తొందరపడతారు.

ముందు లెక్క. ఆఖరి ముక్క తిరిగింది, పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 100 చిప్స్ ఉన్నాయి, మీరు 100 వేశారు. ఎదుటివాడు 100 పెట్టి 200 కోసం ఆడాలి. అంటే మూడుసార్లలో ఒకసారి గెలిస్తే పెట్టింది వెనక్కి వస్తుంది. కాబట్టి మీ మూడు పందేల్లో రెండు గట్టి ముక్కలతో, ఒకటి బ్లఫ్‌గా (ముక్కలు లేకపోయినా బెదిరించే పందెంగా) ఉంటే, మధ్యరకం ముక్కలున్నవాడు కాల్ చేసినా (అంతే పెట్టి ముక్కలు చూపమన్నా), పడేసినా (ముక్కలు వదిలేసుకున్నా) అతనికి ఒకటే. పందెం 50 అయితే నాలుగింట ఒకటే బ్లఫ్.

ఏ చేతికి (ఎలాంటి ముక్కలు వచ్చినప్పుడు) బ్లఫ్ చేయాలో మనసుకు వదిలేస్తే ఒక అలవాటు ఏర్పడిపోతుంది, ఎదుటివాడు పసిగడతాడు. ఐదూ ఒకే గుర్తు ముక్కలైతే గట్టి చేయి; మీకు నాలుగు ఆఠీన్లు చేరి ఐదోది పడలేదనుకోండి. అలాంటి చేతుల్లో సగం బ్లఫ్ చేయాలంటే వాచీ చూడండి. సెకన్ల ముల్లు పన్నెండుకీ ఆరుకీ మధ్య కుడివైపు ఉంటే వేయండి, ఎడమవైపు ఉంటే ఆగండి.

ఇక మార్చడం. పాట్‌కి సమానమైన పందేనికి (పైన చెప్పినట్టు 100కి 100) ఒకాయన వందకు 70 సార్లు పడేస్తాడనుకుందాం. ఉత్త బ్లఫ్‌కే సగటున 40 చిప్స్ లాభం. అతను 30 సార్లే పడేస్తే అదే 40 నష్టం. అలా అన్నిటికీ కాల్ చేసేవాడి మీద బ్లఫ్ పూర్తిగా మానేసి, ఓ మాదిరి జతకి కూడా పందెం వేయండి.

అయితే పదిలో ఏడుసార్లు పడేశాడని నమ్మేయొద్దు. సరిగ్గా సగం పడేసేవాడికి కూడా పదిలో ఏడు, ఆపైన రావడం 17 శాతం సార్లు జరుగుతుంది. ఇరవైలో పద్నాలుగు, ఆపైన అయితే ఆ అవకాశం 6 శాతానికి దిగుతుంది. అప్పుడు మార్చండి, అదీ కొంచెమే, ఒక్క విషయంలోనే. అన్నిటికీ బ్లఫ్ చేయడం మొదలుపెడితే అతను రెండు వారాల్లో కాల్ చేయడం నేర్చుకుంటాడు, అప్పుడు నష్టపోయేది మీరే. వరసగా రెండుసార్లు కాల్ చేశాడంటే పాత లెక్కకు వచ్చేయడమే మేలు.

మీ స్నేహితుడికి ఒక మాట. ఆయన ఆడే ఇలాంటి సమతూకపు లెక్క సగటున ఓడదన్న హామీ ఇద్దరి ఆటకే, నలుగురికి కాదు. అయినా ఆయన మాట కొట్టిపారేయలేం. 2019లో ప్లూరిబస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఎదుట ఎవరున్నా తన పద్ధతి మార్చుకోకుండానే, ఆరుగురి హోల్డెమ్‌లో ప్రొఫెషనల్స్‌ను ఓడించింది.

ప్రశ్న: ముక్కలు చూపించకుండా పడేస్తుంటే ఎలా లెక్కపెట్టాలి?

జవాబు: పడేయడం కళ్లకు కనిపిస్తుంది, ముక్కలు చూడక్కర్లేదు. కాగితం మీద ఒక్కొక్కరి పేరు కింద, ఆఖరి పందేనికి పడేస్తే అడ్డగీత, కాల్ చేస్తే నిలువుగీత వేయండి. వాళ్ల బ్లఫ్‌లు లెక్కించడమే కష్టం, ఎవరో ఒకరు కాల్ చేస్తేనే ముక్కలు బయటపడతాయి. అందుకే దానికి ఇంకా ఎక్కువ ఆటలు కావాలి. చిప్స్‌కి మాత్రం రూపాయి విలువ కట్టకండి. ఫోన్లో పందెం కాసి ఆడే వీలూ లేదు, గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణ నుంచి తెలంగాణలో అది నేరం.