పాలిమర్ నిర్మాణం మారితే ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ పనితీరు ఎందుకు మారుతుంది?

ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ అంటే సిలికాన్‌కు బదులు కార్బన్ ఆధారిత పదార్థంతో, ఇక్కడ పాలిమర్‌తో, చేసినది. పాలిమర్ గొలుసులు ఎంత చదునుగా ఉన్నాయి, ఒకదానికొకటి ఎంత దగ్గరగా సర్దుకున్నాయి అన్నదాన్ని బట్టే ట్రాన్సిస్టర్‌లో ఛార్జ్ ఎంత వేగంగా కదులుతుందో తేలుతుంది. ఒకటి విడిచి ఒకటి ఉండే డబుల్ బాండ్ల మీదుగా ఛార్జ్ గొలుసు వెంట సులువుగా సాగుతుంది. గొలుసు మెలి తిరిగినచోట ఆ దారి తెగుతుంది. పక్క గొలుసు మీదికి సులువుగా దూకాలంటే రెండూ చాలా దగ్గరగా, సుమారు 0.4 నానోమీటర్ల దూరంలో ఉండాలి.

పీ3హెచ్‌టీ అనే పాలిమర్‌నే చూడండి. ఇందులో ప్రతి థయోఫీన్ వలయానికీ (నాలుగు కార్బన్లు, ఒక సల్ఫర్ ఉన్న వలయం) ఆరు కార్బన్ల తోక ఉంటుంది. తోకలన్నీ ఒకే వరసలో ఉంటే వలయాలు చదునుగా పరుచుకుని దొంతరలు కడతాయి, మొబిలిటీ (ఛార్జ్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత) 0.1 చ.సెం.మీ./వోల్ట్-సెకను దాకా వస్తుంది. అవే తోకలు అడ్డదిడ్డంగా ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గొలుసు మెలిపడుతుంది, మొబిలిటీ వేల రెట్లు పడిపోతుంది. ఫార్ములాలో పరమాణువుల లెక్క మాత్రం అదే!

స్ఫటికంలా ఉంటేనే మంచి ట్రాన్సిస్టర్ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఐడీటీబీటీ అనే పాలిమర్‌లో స్ఫటిక క్రమం దాదాపు కనిపించదు. అయినా దాని వెన్నెముక మెలి తిరగదు కాబట్టి మొబిలిటీ 1 చ.సెం.మీ./వోల్ట్-సెకను దాటుతుంది.