సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు విమానంలో ఎంత దూరం, ఎన్ని గంటలు?

చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే వరకు భూగోళం మీద అతి దగ్గరి దారిలో కొలిస్తే సుమారు 15,350 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా ఆగని సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో దాదాపు 18 గంటల 40 నిమిషాల నుంచి 19 గంటలు పడుతుంది.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే 17 గంటలే రావాలి కదా అనిపిస్తుంది. కానీ విమానం ఆ అతి దగ్గరి దారిలోనే ఎగరదు. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెనక నుంచి తోస్తే ఇంధనం, సమయం రెండూ మిగులుతాయి. అందుకే న్యూయార్క్ వెళ్లేటప్పుడు తరచూ పసిఫిక్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. దారి పెరిగినా అదే లాభం. ఏ దారి అన్నది ఆ రోజు గాలుల్ని బట్టి నిర్ణయిస్తారు. రన్‌వే దాకా వెళ్లడం, దిగే ముందు వేగం తగ్గించడం కూడా ఈ సమయంలో కలుస్తాయి.

టికెట్ మీద టైమ్ చూసి కంగారు పడొద్దు. వేసవిలో న్యూయార్క్ 12 గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో 13. వేసవిలో మధ్యాహ్నం 12కి బయలుదేరి 18:45 గంటలు ఎగిరితే, దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం 6:45!

ఈ రూట్‌లో తిరిగే ఏ350-900 యూఎల్‌ఆర్ (చాలా ఎక్కువ దూరం ఆగకుండా ఎగిరే రకం) విమానాల్లో ఎకానమీ సీట్లు లేవు. బడ్జెట్ ముఖ్యమైతే ఒక స్టాప్ ఉన్న టికెట్ చూసుకోవడమే మంచిది.